బెండు, బాల్సా, థర్మోకోల్

మా వైపు ఏ వస్తువునైనా చేత్తో ఎత్తి చూసి, కంటికి కనబడినంత బరువు లేదనిపిస్తే "బెండులా ఉందే" అంటారు. చెరువుల్లోను, నీళ్ళు నిలిచే గుంటల్లోను పెరిగే జీలుగు కాడ లోపల తెల్లగా మెత్తగా ఉండే భాగమే బెండు. దాన్ని ఎండబెట్టి, పలచటి పొరలుగా చెక్కి, పెళ్ళిళ్ళకీ దేవుడి ఉత్సవాలకీ పూలూ కిరీటాలూ చేసేవారు. సీసా మూతికి పెట్టే కార్కుని కూడా మన పెద్దవాళ్ళు బెండు బిరడా అనే అన్నారు. కొండపల్లి బొమ్మలు చేసే తెల్లపొణికి కర్రదీ ఇదే గుణం. అంబారీతో సహా ఏనుగుని రెండు వేళ్ళతో ఎత్తి పిల్లవాడి చేతికివ్వవచ్చు. తేలికైన వస్తువుతో పనిచెయ్యడం మనకు కొత్త విద్య కాదు. అయినా గాలిలోకి ఎగరేసే సంగతికి వస్తే మనం గాలిపటం దగ్గరే చాలాకాలం ఆగిపోయాం.

ఇక్కడ నేను రాయబోయేది నమూనా విమానాల చరిత్ర. మనిషి నేలమీద నిలబడి, చేతిలోని రేడియో పెట్టెతో తిప్పే చిన్న విమానాలవి. ఈ సరదా పుట్టి నూటయాభై ఏళ్ళు దాటింది. తిరువూరు లాంటి ఊళ్ళకి వచ్చి పట్టుమని ఇరవై ఏళ్ళు కాలేదు. ఇబ్రహీంపట్నంలో బయల్దేరి కొండపల్లి, మైలవరం మీదుగా తిరువూరు చేరి, అటునుంచి భద్రాచలం వైపు సాగే రోడ్డుని బస్సులో చూసినవారికి తెలుసు, మా ఊరు మారుమూల ఏమీ కాదు. 2022లో జిల్లాలు చీల్చినప్పుడు ఎన్టీఆర్ జిల్లాలో పడింది కాని, నా నోటికి ఇంకా కృష్ణా జిల్లా అనే వస్తుంది. మామిడితోటలు, సాగరు ఎడమకాలువ నీళ్ళు, తెలంగాణ సరిహద్దు, ఇంజనీరింగు చదివే పిల్లలు, అన్నీ ఉన్నాయి. విమానం ఎగరెయ్యడానికి కావలసిన ఖాళీ స్థలం కోత తరవాత ఎంతైనా ఉంది. మరి నూటముప్ఫై ఏళ్ళపాటు ఏం అడ్డు వచ్చింది?

డబ్బు అని ఒక్క మాటలో తేల్చెయ్యవచ్చు. నాకు తోచిన జవాబు కొంచెం వేరు. ఎగరడం ఎప్పుడూ అంత ఖరీదైన పని కాలేదు. పడిపోవడం ఖరీదైన పని. నేర్చుకునేవాడు పడక తప్పదు కనక, పడినా తట్టుకోగలిగినవాళ్ళకే ఈ విద్య చాలాకాలం దక్కింది.

మొదటినుంచీ చెబుతాను. ఆల్ఫాన్స్ పెనో అనే ఫ్రెంచి కుర్రాడు 1850లో పుట్టాడు. తండ్రి నౌకాదళంలో అడ్మిరల్. కొడుక్కీ ఓడలమీద పోవాలనే కోరిక, కాని తుంటి ఎముక జబ్బు అతన్ని చిన్నతనంలోనే అవిటివాణ్ణి చేసింది. ఓడ ఎక్కలేనివాడు గాలిమీద మనసు పెట్టాడు. 1871 ఆగస్టు 18న పారిస్‌లోని ట్యూలరీ తోటలో, కొందరు పెద్దల ఎదుట, సుమారు అరమీటరు పొడవున్న ఒక బొమ్మని వదిలాడు. మెలిపెట్టిన రబ్బరు దాని ఇంజను. వెనకవైపున చిన్న పంఖా. అది 11 సెకన్లు ఎగిరి సుమారు 40 మీటర్లు పోయింది.

ఈ అంకెల్ని ఒక్కసారి గుర్తుపెట్టుకోండి. 1903 డిసెంబరు 17న కిటీహాక్ ఇసుకలో రైటు సోదరుల మొదటి ప్రయాణం 12 సెకన్లు, 120 అడుగులు, అంటే ముప్ఫయ్యేడు మీటర్లకు కాస్త తక్కువ. ప్రపంచ చరిత్రను మార్చిన ఆ ఎగురుడు, ముప్ఫైరెండేళ్ళ ముందు ఒక రబ్బరు బొమ్మ ఎగిరిన దూరాన్ని దాటలేదు! (అదే రోజు నాలుగోసారి 59 సెకన్లు, 852 అడుగులు పోయారు లెండి. వాళ్ళని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు.)

పెనో చేసిన అసలు పని దూరం కాదు, నిలకడ. రెక్కల కొనలు కాస్త పైకి వంచాడు. బొమ్మ ఒక పక్కకి ఒరిగి జారితే, ఆ పక్క రెక్కమీద గాలి ఎక్కువ పనిచేసి మళ్ళీ సరిచేస్తుంది. తోకను, ముందు రెక్కకన్నా కొంచెం కిందికి దిగిన కోణంలో పెట్టాడు. ముక్కు దిగి వేగం పెరిగితే తోక దాన్ని ఎత్తుతుంది, ముక్కు లేచి వేగం తగ్గితే దించుతుంది. నడిపేవాడు లేకపోయినా తనంతట తాను సర్దుకునే విమానం అన్నమాట. ఇవాళ ఎవరైనా కొత్తగా నేర్చుకునే పిల్లవాడికి ఇచ్చే థర్మోకోల్ విమానాన్ని పక్కనుంచీ ఎదురునుంచీ చూడండి. ఆ రెండు కోణాలూ అలాగే ఉంటాయి.

1878లో మిల్టన్ రైట్ అనే మతగురువు ఊరినుంచి వస్తూ కొడుకులకి ఒక బొమ్మ తెచ్చాడు. పెనో నమూనాను బట్టి చేసిన హెలికాప్టరు బొమ్మ: కార్కు, వెదురు, కాయితం, రబ్బరు. విల్బర్‌కి పదకొండేళ్ళు, ఆర్విల్‌కి ఏడు. దాన్ని గబ్బిలం అని పిలిచారట. విరిగేదాకా ఆడి, విరిగాక తామే మళ్ళీ చేసుకున్నారు. పెద్దవి చేస్తే మాత్రం సరిగా ఎగరలేదు. కొలతలు రెట్టింపు చేస్తే బరువూ బలమూ అదే లెక్కలో పెరగవన్న సంగతి వాళ్ళకి బొమ్మే చెప్పింది. కాయితం, వెదురు, బెండు: వీటిలో మా ఊళ్ళో దొరకనిది రబ్బరు ఒక్కటే. అయితే ఆ బొమ్మ విరిగితే ఇంకోటి చేసుకోనిచ్చే ఇల్లు వాళ్ళకుంది. దాని విలువే ఎక్కువని నా అభిప్రాయం.

పెనోకి ఆ అదృష్టం లేదు. 1876లో పాల్ గోషో అనే మెకానిక్కుతో కలిసి, నీటిమీదా వాలగల పెద్ద విమానానికి పేటెంటు తీసుకున్నాడు. మడిచి పెట్టుకునే చక్రాలు, అద్దాల గది, ఒకే కర్రతో నడిపే పద్ధతి, అన్నీ గీశాడు. పెట్టుబడి పెట్టేవాళ్ళు దొరకలేదు, పైగా వెక్కిరింతలు. 1880లో తన చిత్తుపటాలన్నీ ఒక చిన్న శవపేటికలో సర్ది, ధనవంతుడైన విమానయాన ప్రేమికుడు ఆంరీ జిఫార్ ఇంటికి పంపి ఆత్మహత్య చేసుకున్నాడని చరిత్రకారులు రాశారు. వయసు ముప్ఫై ఏళ్ళు. బొమ్మ దాటి పెద్దది చెయ్యబోతే, పడకముందే కూలిపోయిన మనిషి.

మన దేశానికి వద్దాం. అప్పటి మద్రాసు రాజధానిలోనే కృష్ణా జిల్లా కూడా ఉండేది. ఆ మద్రాసులో హోటలు నడిపే డాంజెలిస్ అనే కార్సికా దేశస్థుడు సొంతంగా విమానం చేయించి 1910 మార్చిలో పల్లావరంలో ఎగిరినట్టు ప్రతీతి. మరుసటి ఏడు, 1911 ఫిబ్రవరి 18న, అలహాబాదునుంచి యమున మీదుగా నైనీకి ఆంరీ పెకే దాదాపు ఆరున్నర వేల ఉత్తరాలతో ఎగిరి, ప్రపంచంలో మొదటి అధికారిక విమాన తపాలాను నడిపాడు. ఆ తరవాత రెండో ప్రపంచయుద్ధం మన జిల్లాకే, గన్నవరంలో, విమానాల మైదానాన్ని తెచ్చిపెట్టింది. ఇవన్నీ మనవాళ్ళు తలెత్తి చూసిన విమానాలు. చేత్తో చేసి పట్టుకున్నవి కావు.

చేత్తో చేసే విమానం మనకు యూనిఫారం వేసుకుని వచ్చింది. 1948 చట్టంతో ఎన్.సి.సి. ఏర్పడింది. 1950 ఏప్రిల్ 1న దాని వైమానిక విభాగం బొంబాయి, కలకత్తాల్లో చెరొక స్క్వాడ్రనుతో మొదలైంది. ఆ పిల్లలకి నేర్పే విద్యల్లో ఏరోమోడలింగు ఒకటి. వాయుసైనిక్ శిబిరాల్లో దానికి పోటీలు ఇప్పటికీ జరుగుతాయి. తెలుగునాట హైదరాబాదు, విశాఖపట్నం లాంటి చోట్ల చదివి, వైమానిక విభాగంలో సీటు దొరికినవాడికి ఆ భాగ్యం. ఊళ్ళో మా తరంవాళ్ళకు దొరికినవి ఖాకీ చొక్కా, కవాతు, ఆదివారం పూట ఇచ్చే ఫలహారం. వాటిని నిందించను, ఆ ఫలహారం రుచి ఇప్పటికీ నోట్లో ఉంది.

అప్పట్లో నమూనా విమానమంటే బాల్సా కర్ర. దక్షిణ అమెరికాలో, ముఖ్యంగా ఈక్వడార్‌లో, ఆరేడేళ్ళలోనే కోతకొచ్చే చెట్టు అది. స్పానిష్‌లో బాల్సా అంటే తెప్ప. 1947లో థార్ హెయెర్‌డాల్ కాన్‌టికి అనే తెప్ప కట్టి పసిఫిక్ సముద్రం దాటింది దీని దుంగలతోనే. ఘనమీటరుకి సుమారు 160 కిలోలు తూగుతుంది, నీళ్ళలో ఆరో వంతుకూడా లేదు. ఆ బరువుకి అంత బలం ఉన్న కర్ర మరొకటి లేదంటారు. యుద్ధకాలంలో బ్రిటిషువాళ్ళ మస్కిటో విమానం బాల్సా, పలుచటి చెక్కలు కలిపి అతికినదే. మన బెండుకి ఆ బలం లేదు, వంచితే పుటుక్కుమంటుంది. తెల్లపొణికి బొమ్మకి బాగుంటుంది కాని, నిలువునా సన్నటి బద్దలు చీల్చి రెక్కల అస్థిపంజరం కడదామంటే బాల్సా పోలిక రాదు.

ఆ అస్థిపంజరం కట్టడం ఒక తపస్సు. బల్లమీద నక్షా పరిచి, బ్లేడుతో ఒక్కొక్క పక్కటెముకా కోసి, గుండుసూదులు గుచ్చి, బంక ఆరేదాకా ఆగి, పైన పలచటి కాయితం అంటించి, దానికి డోపు పూసి బిగదీసేవారు. మామూలు చేతివాటం ఉన్నవాడికి నెలపైన పట్టేది. కలకత్తాలో ఇండియాస్ హాబీ సెంటరు లాంటి ఒకటి రెండు దుకాణాలు సామాను అమ్మేవి; అరోరా పేరుతో చిన్న డీజిలు ఇంజను మన దేశంలోనే తయారై ఎందరో కేడెట్ల చేతికి అందింది. ఈ ఇంజన్లకు ఈథరు, కిరసనాయిలు, ఆముదం ఇంచుమించు సమపాళ్ళలో కలిపి పోస్తారు. ఆముదం మండిన ఆ వాసన ఒకసారి పీల్చినవాళ్ళు మరిచిపోరు. ఆముదం పండించే జిల్లాల్లో ఉంటూ ఆ వాసన ఎరక్కుండా పెరిగాం మేము.

ఇంత కష్టపడి కట్టినదాన్ని వదిలెయ్యాలంటే గుండె ఒప్పదు. అందుకని తీగ కట్టారు. 1940 ప్రాంతాల్లో అమెరికాలో జిమ్ వాకర్ ఫైర్‌బాల్ అనే విమానంతో ఈ పద్ధతిని వాడుకలోకి తెచ్చాడు. పదిహేను ఇరవై మీటర్ల సన్నటి ఉక్కు తీగలు రెండు. నడుమ మనిషి, చుట్టూ విమానం. మనిషి పిడిని వంచితే తోక పలక పైకీ కిందికీ ఆడుతుంది. గానుగెద్దు తిరుగుతుంటే గానుగ మధ్య నిలబడ్డట్టు ఉంటుంది, కాకపోతే ఈ ఎద్దు మూడు నాలుగు సెకన్లకో చుట్టు చుడుతుంది. తల తిరిగి పడిపోయేవాళ్ళు ఉండేవారు. ఎన్.సి.సి. పోటీల్లో ఈ తీగ విమానానికి చాలాకాలం పెద్దపీట.

తీగ తెంచినవారు మిషిగన్ రాష్ట్రం కలమజూకి చెందిన కవలలు, వాల్టర్ గుడ్, విలియం గుడ్. 1937లో ఎనిమిదడుగుల రెక్కల విమానంలో వాల్వు రేడియో పెట్టి ఎగరేశారు. దాని పేరు గఫ్. ట్రాన్సిస్టరు ఇంకా పుట్టలేదు. వాల్వులూ వాటికి కావలసిన బ్యాటరీలూ మొయ్యడానికే విమానం అంత పెద్దది కావలసి వచ్చింది. రేడియో సంకేతం అందినప్పుడు ఒక కొక్కెం వదులై తోకని కాస్త పక్కకి తిప్పుతుంది, అంతే నియంత్రణ. ఆ విమానం ఇప్పుడు అమెరికాలోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది.

మనకు ఇక్కడ ఇంకో గడప అడ్డం. 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా వైర్‌లెస్ పరికరం దగ్గర పెట్టుకోవడమే నేరంగా ఉండేది. ఇంట్లో పాటలు వినే రేడియోకే పోస్టాఫీసులో ఏటా లైసెన్సు రుసుము కట్టిన కాలం పెద్దవాళ్ళకి గుర్తుంటుంది. పైగా దిగుమతి సుంకాలు. ఇవన్నీ దాటినా రేడియోదో పెద్ద చిక్కు. ఒక్కొక్క రేడియోలో ఒక్కొక్క స్ఫటికం, దానికి ఒక తరంగ సంఖ్య. ఒకే సంఖ్యమీద మైదానంలో ఇంకెవరైనా స్విచ్చి వేస్తే ఎగిరే విమానం ఎవరి మాటా వినదు, నేలకి కొడుతుంది. అందుకని ప్రతి మైదానంలోనూ ఒక బోర్డు, దానిమీద సంఖ్యలు, బట్టలారేసే క్లిప్పులు ఉండేవి. ఎవరి చొక్కాకి ఆ సంఖ్య క్లిప్పు ఉంటే వాళ్ళే స్విచ్చి వెయ్యాలి. క్లబ్బులు పుట్టింది స్నేహంకోసం అనుకుంటాం. చాలామటుకు ఈ క్లిప్పుల కోసం కూడా పుట్టాయి. ఒంటరిగా ఎగరేస్తే ఎదురింటివాడి బొమ్మ కారు మన నెల కష్టాన్ని కూల్చగలదు.

ఇన్ని గడపలూ ఒకదాని తరవాత ఒకటి, చాలా తక్కువ కాలంలో పడిపోయాయి. వాటిని పడగొట్టినవాళ్ళెవరికీ నమూనా విమానాల ధ్యాసే లేదు. ఇదీ ఈ కథలో నాకు అన్నింటికన్నా నచ్చిన భాగం.

ముందు విద్యుత్తు. కర్నల్ టాప్లిన్ అనే ఆంగ్లేయుడు 1957 జూన్ 30న రేడియో క్వీన్ అనే విమానాన్ని బ్యాటరీ మోటారుతో రేడియో ద్వారా ఎగరేశాడు. జర్మనీలో ఫ్రెడ్ మిలిట్‌కీ ఇదే పనిమీద ఏళ్ళ తరబడి కూచుని, బొమ్మ విమానంలో సాధించినదాన్ని పెంచుకుంటూ పోయి, 1973 అక్టోబరు 21న ఆస్ట్రియాలో మనిషి ఎక్కిన విద్యుత్ విమానం ఎగరడానికి కారకుడయ్యాడు. మళ్ళీ బొమ్మే ముందు! అయినా బ్యాటరీల బరువు వల్ల అది కొద్దిమంది పట్టుదలగానే మిగిలింది. 1991లో సోనీ వారు లిథియం అయాన్ బ్యాటరీని బజారుకి తెచ్చారు, వీడియో కెమెరాల కోసం. ఆపైన సెల్‌ఫోన్లు. ఆ గిరాకీ పుణ్యమా అని 2000 తరవాత లిథియం పాలిమర్ బ్యాటరీలు చవకై విమానాల్లోకీ దూరాయి. ఇవాళ 2200 మిల్లీ ఆంపియర్ అవర్ల మూడు సెల్లుల బ్యాటరీ బరువు సుమారు 180 గ్రాములు. మీటరు రెక్కల విమానాన్ని పది పదిహేను నిమిషాలు గాలిలో ఉంచుతుంది.

తరవాత రేడియో. 2005 జనవరిలో మన ప్రభుత్వం 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో తక్కువ శక్తి పరికరాలకు లైసెన్సు అక్కర్లేదని నిబంధన తెచ్చింది. కంప్యూటర్లకి తీగ లేకుండా అంతర్జాలం అందించడానికి బాగా పనికొచ్చింది ఆ పట్టీ. అదే 2005లో స్పెక్ట్రమ్ సంస్థ డి.ఎక్స్.6 అనే పెట్టెతో అదే పట్టీని నమూనా విమానాలకి వాడింది. స్విచ్చి వెయ్యగానే ఖాళీ సందు తానే వెతుక్కుంటుంది, తన విమానంతో తప్ప మాట్లాడదు. క్లిప్పుల బోర్డు చరిత్రలో కలిసింది.

చివరికి థర్మోకోల్. పాలిస్టైరీన్ పూసల్ని ఆవిరితో ఉబ్బించి అచ్చులో అతికించే పద్ధతి జర్మనీలో బి.ఎ.ఎస్.ఎఫ్. సంస్థలో 1950 ప్రాంతంలో తేలింది. ఆ సంస్థ భారతదేశపు శాఖ 1943లో ఆర్.ఎ. కోల్ అనే పేరుతో పుట్టినది. వాళ్ళు అమ్మిన సరుకు పేరు థర్మోకోల్. డాల్డా, జిరాక్సు మాదిరిగా మనం వస్తువుకే ఆ పేరు ఖాయం చేసేశాం. ఇందులో నూటికి 98 పాళ్ళు గాలే. మామూలు పలక ఘనమీటరుకి పదిహేనునుంచి ముప్ఫై కిలోలు తూగుతుంది, బాల్సాలో ఐదోవంతుకూడా లేదు. బంపర్ల లోపల పెట్టడానికి కార్ల కంపెనీలు వాడే సాగే నురుగు ఒకటి, ఐరోపాలో గచ్చు కింద పరిచే పలచటి నురుగు పలక ఒకటి, ఇవీ విమానాల్లోకి వచ్చాయి. మన దగ్గర ఇంకో సరుకుంది: సన్‌ప్యాక్ షీటు. ఎన్నికలప్పుడు కరెంటు స్తంభాలకి కట్టే గొట్టాల ప్లాస్టిక్కు అట్ట. ఓడిపోయిన అభ్యర్థి మొహం మీద తోకపలక నక్షా గీసి కోసిన విమానాన్ని నేను కళ్ళారా చూశాను. గెలిచినవారి షీట్లు అంత తొందరగా దిగవు కాబోలు.

ఒక సంక్రాంతి సెలవుల్లో, తిరువూరు పక్కన కోసిన మాగాణిలో, నలుగురు ఇంజనీరింగు కుర్రాళ్ళు ఎగరేస్తుంటే గట్టుమీద కూచుని ఒక పూటంతా చూశాను. క్లబ్బు అని పేరేమీ పెట్టుకోలేదు కాని పని అదే: ఒకడికి రేడియో ఉంది, ఒకడికి చార్జరు, ఒకడికి బైకు, నాలుగోవాడికి పొలం. టీవీ డబ్బాలోంచి తీసిన థర్మోకోలుని, బ్యాటరీకి తగిలించి వేడెక్కించిన నైక్రోమ్ తీగతో వెన్నలా కోసి రెక్క చేశారు. నడుమ వెదురు బద్ద. అతకడానికి ఫెవికాలు, ఫెవిక్విక్ అయితే థర్మోకోలుని కరిగించి గుంట పెడుతుందని ఒక రెక్క పోగొట్టుకుని నేర్చారట. సర్వోలు తొమ్మిదేసి గ్రాములవి. బరువు తూగే బిందువు రెక్క ముందంచునుంచి వెడల్పులో పావు, మూడోవంతుల మధ్య ఉండాలని, రెండు చూపుడువేళ్ళమీద విమానాన్ని నిలబెట్టి బ్యాటరీని ముందుకీ వెనక్కీ జరిపి చూసుకున్నారు. తరవాత ఒకడు చేత్తో విసిరాడు.

మూడోసారి విసిరాక అది మనవైపు తిరిగింది. విమానం ఎదురొస్తున్నప్పుడు దాని కుడి మన ఎడమ అవుతుంది; కొత్తవాడి వేళ్ళు అక్కడే తడబడతాయి. తడబడ్డాయి. ముక్కు మట్టిలో దిగి రెక్క రెండు ముక్కలైంది. నేను అయ్యో అనుకునేలోపే ఒకడు జేబులోంచి ప్యాకింగు టేపు తీశాడు. పది నిమిషాల్లో మళ్ళీ గాలిలో ఉంది. ఆ పూట అలా ఐదుసార్లు పడింది. బాల్సా రోజుల్లో అయితే ఆ ఐదు పడుళ్ళకి ఐదు నెలలు. నూటముప్ఫై ఏళ్ళ అడ్డంకి ఏమిటో, అది ఎలా పోయిందో, ఆ టేపు చుట్టలో నాకు కనిపించింది.

పొలం గట్టున పోతున్న పెద్దాయన ఒకరు ఆగి అడిగారు.

"ఇది మందు కొట్టుద్దా అబ్బాయ్?"

"లేదు బాబాయ్, ఊరికే ఎగురుద్ది."

"ఊరికే ఎగిరేదానికి ఇంత తంటా ఏందిరా?"

ఆయన ప్రశ్న ఒక్క ఆయనది కాదు. ప్రభుత్వాలకీ చాలాకాలం ఇదే ప్రశ్న. 1934 నాటి విమానాల చట్టంలో విమానం అన్న మాటకిచ్చిన నిర్వచనంలో గాలిపటాన్ని కూడా చేర్చారు, అంటే సంక్రాంతికి మేడెక్కిన ప్రతి పిల్లవాడూ ఆ లెక్కన వైమానికుడే. (2025 జనవరి 1నుంచి దాని స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియమ్ వచ్చింది.) 2014 అక్టోబరులో పౌర విమానయాన డైరెక్టరేటు, మనిషి లేని విమానాలేవీ ప్రభుత్వేతరులు ఏ పనికీ ఎగరెయ్యరాదని ప్రకటన ఇచ్చింది. డ్రోన్లని ఉద్దేశించిన ప్రకటనే అయినా, అక్షరాలా చదివితే బొమ్మ విమానం కూడా అందులో పడుతుంది. 2018 డిసెంబరునుంచి అనుమతులతో కూడిన పద్ధతి వచ్చింది. 2021 ఆగస్టు 25 నాటి డ్రోన్ నిబంధనల్లో మొదటిసారి ఊపిరాడే వాక్యం కనబడింది: 25 కిలోలు మించకుండా, చదువుకో పరిశోధనకో వినోదానికో, కంటి చూపుమేరలో ఎగరేసేదాన్ని నమూనాగా వేరే గుర్తించారు. దానికి టైపు సర్టిఫికెట్టు అక్కర్లేదు. రెండు కిలోలకు మించనిదాన్ని వ్యాపారానికి కాకుండా ఎగరేస్తే పైలట్ లైసెన్సూ అక్కర్లేదు. విమానాశ్రయానికి 12 కిలోమీటర్లకు ఆవల, పటంలో పచ్చరంగు వేసిన చోట, 120 మీటర్ల ఎత్తువరకు ముందస్తు అనుమతి అడగనక్కర్లేదు. గన్నవరం మాకు అరవై కిలోమీటర్ల పైమాటే. విమానాశ్రయం లేకపోవడం ఒక ఊరికి లాభించిన అరుదైన సందర్భం ఇది.

వినోదం అన్న మాట చట్టంలోకి రావడం చిన్న సంగతి కాదని నేననుకుంటాను. 2024 సెప్టెంబరు వరదల్లో విజయవాడలో నీళ్ళ మధ్య చిక్కుకున్నవాళ్ళకి డ్రోన్లతో అన్నం అందించారు. వాటి ప్రయోజనాన్ని కాదనగలవాడెవడూ లేడు. ఆ అక్టోబరులోనే కృష్ణ ఒడ్డున పున్నమి ఘాటులో 5,500 డ్రోన్లు ఒక్కసారి ఆకాశంలో బొమ్మలు కట్టాయి. చూడ్డానికి అద్భుతం. అయితే అందులో ఏ ఒక్క డ్రోనునీ ఎవరి వేళ్ళూ నడపలేదు, లెక్క ముందే కంప్యూటరులో వేసి ఉంది. చేతిలో కర్ర వదిలేస్తే గాలిలో ఆగి నిలబడే యంత్రం అది. థర్మోకోలు రెక్కకి ఆ సౌకర్యం లేదు. వేగం తగ్గితే రాలుతుంది, గాలి మారితే కొట్టుకుపోతుంది, పొలం మీదుగా పోయే కరెంటు తీగలు దానికి కనబడవు. ఎగరేసేవాడే అన్నీ చూడాలి. మేనార్డ్ హిల్ అనే అమెరికా పెద్దాయన 2003 ఆగస్టులో న్యూఫౌండ్‌లాండ్‌నుంచి ఐర్లండుకు ఐదు కిలోల లోపు బాల్సా విమానాన్ని అట్లాంటిక్ దాటించాడు, 38 గంటల 52 నిమిషాల్లో. దారి పొడవునా ఉపగ్రహ సంకేతాలే నడిపాయి. అయినా అక్కడి ఒడ్డున దాన్ని నేలకి దించింది మళ్ళీ మనిషి చెయ్యే. అప్పటికి హిల్‌కి 77 ఏళ్ళు, చూపు దాదాపు పోయింది, వినికిడీ అంతంత మాత్రం. ముందు చేసిన ప్రయత్నాల విమానాలు సముద్రంపాలైనా ఆయన మానలేదు.

2022 ఫిబ్రవరిలో విదేశీ డ్రోన్ల దిగుమతిని నిషేధించారు. విడిభాగాలు మాత్రం రావచ్చు. దానివల్ల పెట్టె విప్పి ఎగరేసే అలవాటు కాస్త తగ్గి, కోసి అతికే అలవాటు పెరిగితే నాకు సంతోషమే. ఆ ఏడే జులై 1నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్కుల నిషేధంలో అలంకారానికి వాడే థర్మోకోలు కూడా చేరింది. పెళ్ళిపందిళ్ళలో బెండుని వెళ్ళగొట్టిన థర్మోకోలు, ఇప్పుడు తానే పందిరి దిగవలసి వచ్చింది. టీవీ డబ్బాలో అడుగున వచ్చేది మాత్రం ఆ జాబితాలో లేదు. మా కుర్రాళ్ళ రెక్కలు ఇప్పటికీ అందులోంచే వస్తున్నాయి. మోటారు బిగించే పలక ఒక్కటే వాళ్ళకి ఇంకా కుదరలేదు. కొండపల్లినుంచి పొణికి చెక్క తెచ్చి చూద్దామని ఒకడంటే, మర మేకు పట్టదురా అని ఇంకొకడన్నాడు.